నాలుగున్నర లీటర్ల పెట్రోలంత శక్తితో

చిన్న ఎలక్ట్రిక్ ఎస్‌యూవీల్లో 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ మామూలే. కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఆ లెక్కన 250 కిలోలకు అటూఇటూ తూగే ఈ బ్యాటరీలో ఉన్నది నాలుగున్నర లీటర్ల పెట్రోలంత శక్తి. దాంతోనే ఒకటిన్నర టన్నుల బండి రెండు మూడు వందల కిలోమీటర్లు పోతోంది. నన్నడిగితే ముందు మెచ్చుకోవాల్సింది మోటారుని.

పెట్రోలు ఇంజన్ మామూలు వాడకంలో మూడింట రెండొంతులకు పైగా శక్తిని వేడి రూపంలో వదిలేస్తుంది. మోటారు మాత్రం తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా తిప్పే పనికే పెడుతుంది. పైగా కదలక ముందు నుంచే పూర్తి టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, సిద్ధం. వేగం పుంజుకునేదాకా ఆగక్కర్లేదు, చాలా బళ్లలో మార్చడానికి గేర్లే లేవు. పెడల్ నొక్కగానే వీపు సీటుకు అతుక్కునేది అందుకే. బరువైన బ్యాటరీ అడుగున పరిచి ఉంటుంది కాబట్టి, ఎత్తుగా ఉన్నా మలుపుల్లో బండి కుదురుగా ఉంటుంది.

మరి రేంజ్, అంటే ఒక్క ఛార్జితో పోయే దూరం, ఎక్కడ తగ్గిపోతోంది? 1,600 కిలోల బండిని తీసుకుందాం. టైర్ల రాపిడికి 100 కిలోమీటర్లకు నాలుగున్నర యూనిట్లు పోతాయి, వేగం ఎంతైనా ఇందులో పెద్ద తేడా ఉండదు. గాలి అలా కాదు. దాని నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. గంటకు 60 వేగంలో గాలిని తోసుకుపోవడానికి అదే దూరానికి 4 యూనిట్లు చాలు, వేగం 100కి చేరితే పదిన్నర కావాలి. ఎస్‌యూవీ ముందుభాగం ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది కదా, గాలికి అడ్డంగా నిలబడే గోడ అది. మిగతా నష్టాలు కూడా కలిపితే, నిలకడగా 60లో పోయే బండికి 370 కిలోమీటర్లకు పైగా వచ్చే రేంజ్ 100లో 220కి దిగుతుంది.

కంపెనీ చెప్పే అంకె అబద్ధం కాదు. రేంజ్ కొలిచే అంతర్జాతీయ పద్ధతి డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో సగటు వేగం గంటకు 46.5 కిలోమీటర్లే, ఏసీ కూడా వేయరు.

ఊళ్లో ఇంకో లాభం ఉంది. బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారి కరెంటును వెనక్కి పంపుతుంది. 60 వేగంలో ఉన్న ఈ బండి గతిశక్తి యూనిట్‌లో పదహారో వంతు మాత్రమే. కానీ వందసార్లు ఆగి కదిలితే అది 6 యూనిట్లు! అంతా తిరిగి రాదు, చాలావరకు వస్తుంది. హైవే మీద బ్రేకు వేసే పనే తక్కువ. గాలికి ఇచ్చింది గాలికే పోతుంది. పెట్రోలు కారు హైవేలో పొదుపుగా నడిస్తే, ఇది ఊళ్లో పొదుపుగా నడిచేది ఇందుకే.

ఫాస్ట్ ఛార్జింగ్ సంగతి కూడా తెలిసి ఉండాలి. 80 శాతం దాటాక బ్యాటరీని కాపాడటానికి కరెంటు బాగా తగ్గించేస్తారు. దూర ప్రయాణంలో నూరు శాతం కోసం కూర్చునే కన్నా 80 దగ్గరే బయలుదేరి, ఇంకోచోట ఆగడం మేలు.

100లో వెళ్తున్నారు, ఛార్జర్ ఇంకా 50 కిలోమీటర్లు ఉంది, డాష్‌బోర్డు 40 కిలోమీటర్ల రేంజే చూపిస్తోంది అనుకుందాం. టెన్షన్‌తో చాలామంది ముందు ఏసీ ఆపేస్తారు. దానివల్ల మిగిలేది కొంచెమే. వేగం 80కి దించితే గాలి నిరోధం మూడో వంతుకు పైగా తగ్గి, అదే ఛార్జితో 50 దాటి వెళ్లొచ్చు.