రింగులో సార్, మ్యాట్ మీద అన్న: బాక్సింగ్, ఎంఎంఏ జిమ్‌ల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో పొద్దున్న కంచరపాలెం వైపు కుర్రాళ్ళకి బాక్సింగ్ నేర్పుతాను. సాయంత్రం ఎంవీపీ కాలనీలో మ్యాట్ మీద ఎంఎంఏ, అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన పోరు. మొదటిది పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది, రెండోది ఎనిమిదేళ్ళు. రెండు చోట్లా తరచూ వినబడే ప్రశ్న ఒక్కటే: "ఎక్కడ మర్యాద ఎక్కువ మాస్టారూ?" అడిగేవాళ్ళలో చాలామంది జవాబు కూడా వెంట తెచ్చుకుంటారు. బాక్సింగ్ పెద్దమనుషుల ఆటట, ఎంఎంఏ రౌడీల అడ్డా అట. కొందరు తిరగేసి చెబుతారు: బాక్సింగ్ మాస్టార్లు నోటికొచ్చినట్టు తిడతారట, ఎంఎంఏ వాళ్ళే స్నేహంగా ఉంటారట. ఇలాంటివి ఎన్ని విన్నానో లెక్కలేదు. కొన్నిటికి ఇక్కడ జవాబు చెప్తాను.

అపోహ: ఎంఎంఏ అంటే నియమాల్లేని కొట్లాట. అలాంటి చోట మర్యాద ఎక్కడుంటుంది?

వాస్తవం: 1993లో అమెరికాలోని డెన్వర్‌లో యూఎఫ్‌సీ అనే పెద్ద ఎంఎంఏ పోటీ మొదటిసారి జరిగినప్పుడైతే ఈ మాట కొంత నిజమే. బరువు తరగతులు లేవు, జడ్జీలు లేరు. 2001 నాటికి ఉమ్మడి నియమాలు వచ్చేశాయి. తల వెనక కొట్టకూడదు, కంట్లో వేలు పెట్టకూడదు, కింద పడ్డవాడి తలమీద తన్నకూడదు. అయిదేసి నిమిషాల రౌండ్లు, 4 ఔన్సుల గ్లవ్స్.

ఆ చిన్న గ్లవ్స్ చూసే జనం భయపడతారు. బాక్సింగ్ గ్లవ్స్ మెత్తగా, బొద్దుగా ఉంటాయి కాబట్టి అది సురక్షితం అనుకుంటారు. కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు పోటీల తర్వాత చేసిన వైద్య పరీక్షల రికార్డులు పోల్చి 2015లో ఓ అధ్యయనం వేశారు. ఏదో ఒక దెబ్బ తగిలిన వాళ్ళు ఎంఎంఏలో 59.4 శాతం, బాక్సింగ్‌లో 49.8 శాతం. స్పృహ తప్పిన వాళ్ళు మాత్రం ఎంఎంఏలో 4.2 శాతమైతే బాక్సింగ్‌లో 7.1 శాతం. అంటే ఒకచోట చర్మం చీరుతుంది, కీళ్ళు పట్టేస్తాయి. ఇంకోచోట బుర్ర కదులుతుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కింద చెప్పేదంతా దీని మీదే నడుస్తుంది.

అపోహ: బాక్సింగ్ మాస్టారు కేకలేస్తాడంటే, పిల్లల మీద గౌరవం లేనట్టే.

వాస్తవం: దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి.

పంతొమ్మిదేళ్ళప్పుడు, ఓ శుక్రవారం సాయంత్రం స్పారింగ్‌లో (సాధన పోరులో) నాకు ఎడమ హుక్, అంటే పక్కనుంచి వేసే గుద్దు, తగిలింది. పడలేదు. రౌండ్ పూర్తి చేశాను కూడా. ఇంటికెళ్ళే దారిలో వీధి దీపాలు రెండేసి కనబడుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మళ్ళీ వచ్చి బ్యాండేజ్ చుట్టుకుంటున్నాను. బూటు లేసు ముడి పడటం లేదు. రెండుసార్లు తప్పాను. మా సార్ దూరం నుంచి చూస్తున్నాడని నాకు తెలీదు. దగ్గరికొచ్చి గ్లవ్స్ లాక్కుని, నలుగురి ముందూ ఒక తిట్టు తిట్టి, "నెల్రోజులు రింగు దరికి రాకు" అన్నాడు. నేను బాగానే ఉన్నానని వాదించాను. "నీ బుర్ర నీకు అబద్దం సెప్తాది రా. నాకు సెప్పలేదు" అన్నాడు.

ఆ రోజు నాకు అవమానమనిపించింది. బయటికెళ్ళి ఏడ్చాను. తర్వాత నేనే కోచ్‌గా పోటీలకి వెళ్ళడం మొదలుపెట్టాక తెలిసింది, నాకౌట్ అయినవాణ్ణి కనీసం 30 రోజులు రింగెక్కనివ్వని నియమం అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఉందని. మా సార్ జిమ్‌లో కూడా అదే పాటించాడు, కాయితం లేకుండా.

బాక్సింగ్‌లో కుర్రాడు తనంతట తాను ఆగలేడు. ఆగాల్సిన క్షణంలో ఆగాలని చెప్పే అవయవానికే దెబ్బ తగిలింది. పైగా పౌరుషం ఒకటి. కాబట్టి ఆపే అధికారం బయటివాడి చేతిలో ఉండాలి: జిమ్‌లో సార్, పోటీలో రిఫరీ, కార్నర్‌లో తువ్వాలు పట్టుకున్నవాడు (అది రింగులోకి విసిరితే పోటీ ఆపమన్నట్టే). దెబ్బకి తూలితే రిఫరీ ఎనిమిది లెక్కపెడతాడు, ఆ ఎనిమిది అంకెల్లో కళ్ళలోకి చూస్తాడు. సార్ మాటకి ఎదురు చెప్పకూడదన్న అలవాటు ఇక్కణ్ణుంచే వచ్చింది. ఎవరిని ఎవరితో దింపాలో, ఎంత గట్టిగా వేసుకోవాలో, ఎప్పుడు చాలో ఒక్కడే చెబుతాడు. రింగెక్కేముందు తాడు ముట్టుకుని కళ్ళకద్దుకోవడం, గెలిచినవాడు అవతలి కార్నర్‌కి వెళ్ళి ఆ కోచ్‌కి చెయ్యి కలపడం, ఇవన్నీ ఆ అలవాటుకి పుట్టిన పిల్లలే.

అలాగని కేకలన్నీ మంచివేనని నేననను. ఆ అధికారం చాటున చెంపదెబ్బలు కొట్టేవాళ్ళున్నారు. బరువు దించాలని ఏప్రిల్ ఉక్కపోతలో పిల్లాడికి రెయిన్‌కోటు తొడిగి బీచ్ రోడ్డంతా పరిగెత్తించి, మంచినీళ్ళు ఇవ్వనివాళ్ళున్నారు. విశాఖ గాలిలో చెమటే ఆరదు, ఆ మీద రెయిన్‌కోటు. దాన్ని క్రమశిక్షణ అనడం నాకు చేతకాదు.

అపోహ: ట్యాప్ చేస్తే పరువు పోయినట్టే.

వాస్తవం: మ్యాట్ మీద ఆపే అధికారం దెబ్బ తినేవాడిదే. మెడ చుట్టూ చెయ్యి బిగిసిందా, మోచెయ్యి వంగకూడని వైపు వంగుతోందా, రెండుసార్లు చేత్తో తట్టు, అదే ట్యాప్. అవతలివాడు అదే క్షణం వదిలేస్తాడు. వదలనివాడు జిమ్‌లో ఎక్కువ రోజులుండడు. ఈ ఒక్క సౌకర్యం వల్లే మ్యాట్ మీద రోజూ దాదాపు పూర్తి బలంతో సాధన చేయొచ్చు. రింగులో అలా రోజూ చేస్తే నలభై ఏళ్ళకి మాట తడబడుతుంది.

అందుకే ఎంఎంఏ జిమ్‌లో "సార్" తక్కువ, "అన్నా" ఎక్కువ. ఇంకో కారణమూ ఉంది. అక్కడ అన్నీ తెలిసినవాడంటూ ఉండడు. కిక్‌బాక్సింగ్‌లో పండిపోయినవాడు నేల మీద పసివాడు. ఇరవై ఏళ్ళ బాక్సింగ్ మోసుకుని నేను మొదటిసారి మ్యాట్ ఎక్కిన రోజు, మధురవాడ నుంచి వచ్చే ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు, నాకంటే పది కేజీలు తక్కువ, అయిదు నిమిషాల్లో నా చేత నాలుగుసార్లు ట్యాప్ చేయించాడు. తర్వాత పక్కన కూర్చుని "అన్నా, మెడ లోపలికి పెట్టుకోవాలి" అని చూపించాడు. నన్ను "సార్" అని పిలవడం ఆ తర్వాత ఎవరికీ తోచలేదు, నాకూ బాధనిపించలేదు.

ట్యాప్‌కి కూడా హద్దుంది. హీల్ హుక్ అనే కాలి పట్టులో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. అందుకే కొత్తవాళ్ళ మీద దాన్ని వెయ్యనివ్వను. ఇక గుద్దుల స్పారింగ్‌కి వచ్చేసరికి ట్యాప్ అసలు పనికిరాదు. కొన్ని ఎంఎంఏ జిమ్‌లలో నాకు నచ్చనిది ఇక్కడే. మ్యాట్ మీది సమానత్వాన్ని అలాగే చేతి గ్లవ్స్‌లోకి తెచ్చేస్తారు. "లైట్‌గా వేసుకుందాం అన్నా" అని మొదలుపెడతారు. ఒకడికి ముక్కు మీద గట్టిగా తగులుతుంది, వాడు ఒకటి ఎక్కువ ఇస్తాడు, రెండో నిమిషానికి అది వీధి కొట్లాట. ఆపేవాడెవడూ లేడు, అందరూ అన్నలే. ఆ సమయంలో మా సార్ లాంటివాడు ఒక్కడుంటే బాగుండేదనిపిస్తుంది.

అపోహ: టీవీలో బూతులు తిట్టుకుంటారు కదా, జిమ్‌లోనూ అంతే.

వాస్తవం: తిట్లు టిక్కెట్లు అమ్ముతాయి. 2018 అక్టోబరులో యూఎఫ్‌సీ పోటీలో మెక్‌గ్రెగర్‌ని ఓడించిన వెంటనే ఖబీబ్ కేజ్ (పోటీ చుట్టూ ఉండే కంచె) దూకి అవతలి జట్టు మీద పడ్డాడు. తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా పడింది. దీన్ని చూపించి ఎంఎంఏ ఇంతే అనేవాళ్ళకి 1997 జూన్ గుర్తుండదు. టైసన్ హోలీఫీల్డ్ చెవి కొరికింది బాక్సింగ్ రింగులోనే. 30 లక్షల డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు.

అపోహ: బాక్సింగ్ పిల్లలు వినయంగా ఉంటారు, ఎంఎంఏ వాళ్ళకి డబ్బు పొగరు.

వాస్తవం: ఇందులో ఆట కంటే జేబు తేడా ఎక్కువ. నా పొద్దుటి బ్యాచ్‌లో ఆటో డ్రైవర్ల పిల్లలు, హార్బర్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలు. బాక్సింగ్ ఒలింపిక్స్‌లో ఉన్న ఆట. జాతీయ స్థాయిలో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో, మిలటరీలోనో ఉద్యోగం వస్తుందని ఇంట్లో ఆశ. ఫీజు నామమాత్రం, గ్లవ్స్ జిమ్‌వే. ఇంటి బతుకు మారుస్తాడేమోనన్న మనిషి ముందు ఎవరైనా వంగే నిలబడతారు. ఎంఎంఏ ఒలింపిక్స్‌లో లేదు, దానితో ఉద్యోగం వస్తుందని ఎవరూ చేరరు. సాయంత్రం వచ్చేవాళ్ళు ఉద్యోగం చేసుకుని, నెలనెలా ఫీజు కట్టి, సొంత కిట్ తెచ్చుకునేవాళ్ళు. వాళ్ళు నన్ను ప్రశ్నలడుగుతారు: "ఇది ఎందుకిలా చెయ్యాలి కోచ్?" అది పొగరని మొదట్లో అనుకునేవాణ్ణి. జవాబు నాకే సరిగ్గా తెలీని రోజులు కొన్ని ఉన్నాయని తర్వాత ఒప్పుకున్నాను.

అపోహ: ఆడపిల్లల్ని బాక్సింగ్‌కి పంపొచ్చు గానీ మ్యాట్ మీదకి పంపకూడదు.

వాస్తవం: పాతికేళ్ళ క్రితం బాక్సింగ్‌కీ పంపేవాళ్ళు కాదు. మన విశాఖ అమ్మాయి ఎన్. ఉష ప్రపంచ పోటీల్లో పతకం తెచ్చి, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుంది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లో వరసగా ప్రపంచ ఛాంపియన్. మ్యాట్ సంగతికొస్తే, 2024లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారతీయురాలైంది. తల్లిదండ్రుల అసలు భయం ఒంటికి ఒళ్ళు తగలడం గురించి, అది నాకర్థమవుతుంది. మా దగ్గర పద్ధతి: ఏ అమ్మాయైనా ఎవరితోనైనా సాధన చెయ్యనని చెప్పొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగకూడదు. మీ ఊళ్ళో జిమ్‌లో ఈ పద్ధతి ఉందో లేదో చేరేముందు అడగండి.

అపోహ: ఎంఎంఏ వాళ్ళకి గురుభక్తి ఉండదు, జిమ్‌లు మారుస్తూనే ఉంటారు.

వాస్తవం: మ్యాట్ విద్యకి పుట్టిల్లు లాంటి బ్రెజిల్‌లోనే జిమ్ మారినవాణ్ణి ద్రోహి అని పిలవడానికి ప్రత్యేకంగా ఒక మాటుంది. ఇక్కడ తాలింఖానాల్లో (పాతకాలపు వ్యాయామశాలల్లో) ఒక గురువు దగ్గర కర్రసాము నేర్చినవాడు పక్క వీధి గురువు గడప తొక్కితే ఎంత రభస అయ్యేదో మా తాత చెప్పేవాడు. ఆ జబ్బు ఏ ఒక్క ఆటదీ కాదు.

అపోహ: శుభ్రత చిన్న విషయం.

వాస్తవం: మ్యాట్ మీద అదే మొదటి మర్యాద. చెప్పులు బయట, గోళ్ళు కత్తిరించుకుని రావాలి, తామర ఉంటే ఇంట్లో ఉండాలి. విశాఖ ఉక్కలో ఒకడికి తామరొస్తే పది రోజుల్లో బ్యాచ్ మొత్తం గోక్కుంటుంది. రింగులో దీనికి పూర్తిగా విరుద్ధం, బూట్లు లేకుండా ఎక్కనివ్వను, చీలమండ మడత పడుతుంది.

అపోహ: బాక్సర్ని మ్యాట్ మీదకి పంపితే చెడిపోతాడు.

వాస్తవం: నేను ఏడాదిగా నెలకో శనివారం రెండు బ్యాచ్‌లనీ కలుపుతున్నాను. మొదటి వారం మా పొద్దుటి కుర్రాడొకడు బాక్సింగ్ బూట్లతో సరాసరి మ్యాట్ మీదకి నడిచొచ్చాడు. హాలంతా ఒక్కసారి "ఒరే!" అంది. గుళ్ళోకి చెప్పులతో వచ్చినట్టు నాలిక్కరుచుకుని బయటికి పరిగెత్తాడు. తర్వాత మెడ బిగిస్తే ట్యాప్ చెయ్యకుండా పళ్ళు బిగించాడు, ఎవరూ నేర్పలేదు కదా, ఓడిపోవడం అనుకున్నాడు. అవతల తలపడుతున్న డాక్టరమ్మ వాడి మొహం రంగు మారడం చూసి తనే వదిలేసి, "బాబూ, తట్టాలి, తడితే తప్పు లేదు" అని చెప్పింది. ఆవిడ వంతు రింగులో వచ్చినప్పుడు జాబ్ (ముందు చేత్తో వేసే సూటి గుద్దు) తగలగానే వీపు తిప్పేసింది. వాడు చేతులు దించేసి, నా వైపు చూసి, "సార్, ఆపాలా?" అన్నాడు.

వచ్చే శనివారం మళ్ళీ ఉంది, సాయంత్రం ఆరింటికి. బూట్లు సంచిలో పెట్టుకుని రండి.