ముఖాలు గుర్తుపట్టడం పుట్టుకతో వచ్చేదా, సాధనతో అబ్బేదా?

వందమంది ఉన్న పెళ్లి ఫొటోలో మనకి తెలిసిన ముఖం చప్పున కనబడుతుంది. ముఖాల కోసమే మెదడులో ప్రత్యేకంగా ఓ ఏర్పాటు ఉందా, లేక దేన్నైనా ఏళ్ల తరబడి చూసి చూసి ఆరితేరినవాళ్లకి పనికొచ్చే ఏర్పాటే ముఖాలకీ పనికొస్తోందా? ఈ గొడవ మొదలై యాభై ఏళ్లు దాటినా ఇంకా పూర్తిగా తేలలేదు.

1969లో రాబర్ట్ యిన్ అనే పరిశోధకుడు ముఖాలు, ఇళ్లు, విమానాల బొమ్మలు మామూలుగానూ తలకిందులుగానూ చూపించాడు. తలకిందులు చేస్తే ఏదైనా కష్టమే, కానీ ముఖాల దగ్గర దెబ్బ మరీ గట్టిగా పడింది. దాంతో ముఖాల సంగతి వేరు అన్న వాదన మొదలైంది. 1986లో రియా డైమండ్, సుసాన్ కేరీ దీనికి అడ్డు తగిలారు. కుక్కల జాతుల్లో ఏళ్లుగా ఆరితేరినవాళ్లకి, తమకి బాగా తెలిసిన జాతి కుక్కల ఫొటోలు తలకిందులు చేసి చూపిస్తే అచ్చం అదే దెబ్బ కనబడిందన్నారు. అంటే కారణం ముఖం కాదు, అలవాటు. ఆ తర్వాత 2007లో వేరేవాళ్లు ఇదే మళ్లీ చేసి చూస్తే అంత తేడా రాలేదనుకోండి.

1997లో నాన్సీ కాన్విషర్ బృందం ముఖాలు చూసినప్పుడు బాగా చురుకయ్యే చోటుని మెదడు అడుగుభాగంలో గుర్తించి, దానికి ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. అలవాటే కారణమనే పక్షాన ఉన్న పరిశోధకులు ఇజబెల్ గాతియే, మైకేల్ టార్ దీనికి జవాబుగా చూపించినవి గ్రీబుల్స్. కంప్యూటర్లో తయారుచేసిన వింత ఆకారాలివి. ఒక్కోదానికి ఒక ఇంటిపేరు, ఆడా మగా తేడా, సొంత పేరు. గంటల తరబడి తర్ఫీదు ఇచ్చి చూస్తే, నేర్చుకున్నవాళ్ల మెదడులో అదే చోటు గ్రీబుల్స్‌కీ స్పందించింది. 2000లో పక్షుల నిపుణులకి పక్షులు, కార్ల నిపుణులకి కార్లు చూపించినా అంతే. అయితే గ్రీబుల్స్ కాస్త మనుషుల్లాగే ఉంటాయి కాబట్టి ఇది సాక్ష్యమే కాదని ముఖాల సంగతి వేరనేవాళ్లు కొట్టిపారేశారు. ఆ అభ్యంతరంలో పస ఉంది.

మెదడు దెబ్బతిన్నవాళ్ల కథలు దీన్ని ఇంకా చిక్కు చేశాయి. 1997లో వెలువడిన ఒక కేసులో, తలకి దెబ్బ తగిలిన ఒకాయన వస్తువులు పోల్చుకోలేడు, ముఖాలు మాత్రం మనందరిలాగే గుర్తుపడతాడు. కూరగాయలు, పళ్లు పేర్చి ముఖంలా గీసిన బొమ్మ చూపిస్తే ఆయనకి ముఖం కనబడింది, అందులోని కూరగాయలు కనబడలేదు! 1993 నాటి ఇంకో కేసులో మనుషుల ముఖాలు పోల్చుకోలేని ఒకాయన, ఆ జబ్బు వచ్చాకే గొర్రెల మందని పెంచుకుని, ఏ గొర్రె ఏదో ముఖం చూసి చెప్పేవాడు.

నా మటుకు నాకు ఈ గొడవలో అసలు ముఖ్యమైన మలుపు పసిపిల్లల దగ్గర వచ్చింది. పుట్టుకతోనా, సాధనతోనా అని వాదించుకుంటూ, ఆ సాధన ఏ వయసులో జరగాలో అడగడం చాలాకాలం వెనకబడిపోయింది. ఆరు నెలల పిల్లలు ఒక కోతి ముఖానికీ ఇంకో కోతి ముఖానికీ తేడా పట్టగలరని, తొమ్మిది నెలలకి అది పోతుందని 2002లో తేలింది. రోజూ చూసే ముఖాలకే చూపు పదునెక్కుతుందన్నమాట.

అంతకు ముందు ఏడాదే ఇంకో పరిశోధన వచ్చింది. పుట్టుకతోనే రెండు కళ్లలో శుక్లాలుండి, రెండు నుంచి ఆరు నెలల వయసులో చికిత్స జరిగి చూపొచ్చినవాళ్లని ఏళ్ల తర్వాత పరీక్షించారు. కళ్ల, నోటి ఆకారం మారితే పసిగట్టారు. కానీ కళ్ల మధ్య దూరం, కంటికీ నోటికీ మధ్య ఎడం మారితే మిగతావాళ్లలా పట్టలేకపోయారు. తొమ్మిదేళ్లకి పైగా చూపుతో గడిపినా ఆ కొద్ది నెలల లోటు పూడలేదు. 2003లో ఇదే బృందం ఒక్క కంట్లోనే శుక్లం ఉన్నవాళ్లని చూసింది. లోటు ఎడమ కన్ను మూసుకుపోయినవాళ్లలో ఉంది, కుడి కన్ను వాళ్లలో లేదు. పసితనంలో ఎడమ కంటి చూపు ఎక్కువగా చేరేది కుడి మెదడుకి, ముఖాల పని ఎక్కువగా నడిచేదీ అక్కడే. అందుకే బిడ్డ నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనబడితే ‘కాస్త పెద్దయ్యాక చూద్దాంలే’ అనుకోకుండా ఆ వారంలోనే కంటి డాక్టరుకి చూపించాలి.