ఆదివాసుల చరిత్రతో నవల రాయడం: అపోహలు - వాస్తవాలు

గోండుల మీదో, మన్యం మీదో చారిత్రక నవల రాద్దామనుకుంటున్నానని ఈమధ్య చాలామంది మెసేజ్ పెడుతున్నారు. అందరూ దాదాపు అవే మాటలు అంటున్నారు కాబట్టి ఇక్కడే రాసేస్తున్నా.

అపోహ: వాళ్లకు రాసిన చరిత్ర లేదు కదా, ఊహించి రాసేయొచ్చు.

కాగితాలు కట్టలకొద్దీ ఉన్నాయి. కాకపోతే వాటిని రాసింది పోలీసులు, కలెక్టర్లు. గోదావరి మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటునే తీసుకోండి, రికార్డుల్లో అది 'పితూరీ', అంటే సర్కారు మీద కుట్ర. కొండమీద మనిషికి మాత్రం అది తన చెట్టు తను గీసుకుని కల్లు తాగినందుకు మన్సబుదారు (ఆ కొండల మీద జమీందారు లాంటివాడు) చిగురు పన్ను అడగడం, దానికి తోడు సర్కారు ఆబ్కారీ రూల్స్ వచ్చి పడటం. మొదటి పేజీలోనే పితూరీ అని రాశారంటే మీరు కలెక్టరు కుర్చీలో కూర్చున్నట్టే. నిజాం ఇలాకా అయితే ఇంకో తలనొప్పి, తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల కోసం వాడిన సంవత్సరాల్లో ఉంటాయి. 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది, 1350 ఫసలీ అంటే 1940-41 అన్నమాట. కొమరం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. ఇంగ్లీషు తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది, అక్కడివాళ్లు మాత్రం ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి తలుచుకుంటారు. అందుకే నేను తేదీ వేయలేదు, వెన్నెల రాశాను.

అపోహ: ఆదివాసీ పాత్ర అంటే డైలాగు ముక్కలు ముక్కలుగా ఉండాలి.

నాకు ఒళ్లు మండేది దీనికే. గోండీ, కోయ, కువి తెలుగు యాసలు కావు, వేరే భాషలు. గోండు తన అన్నతో గోండీలో మాట్లాడేటప్పుడు తడబడడు, వెక్కిరిస్తాడు, అలుగుతాడు, సామెత విసురుతాడు. దాన్ని మనం తెలుగులో రాస్తున్నాం కాబట్టి ఆ తెలుగు నిండుగా ఉండాలి. తడబడాల్సింది గోండీ రాని పట్వారీ. (కొండరెడ్ల ఇంటి భాష తెలుగే, అక్కడ లెక్క వేరు.) ఇదంతా నాకు పుట్టుకతో వచ్చిన తెలివేం కాదు, నా మొదటి డ్రాఫ్టు చదివిన ఒక గోండు టీచరు "సార్, మా తాత మీ నవల్లోకి వచ్చేసరికి నత్తివాడైపోయాడేంటి?" అన్నాడు. నలభై పేజీలు తిరగరాశాను.

అపోహ: వారం రోజులు వెళ్లి చూసొస్తే చాలు.

అప్పుడు ఇవాళ్టి కొండ నవల్లోకి వచ్చేస్తుంది. గూడెం కొండల్లో 1880లో జరిగే సీన్‌కి నేను సిల్వర్ ఓక్ చెట్ల వరసలు పెట్టాను, ఎంత అందంగా వచ్చిందో! అవి ఆస్ట్రేలియా చెట్లు, కాఫీ తోటల నీడ కోసం ఆ తర్వాతెప్పుడో తెచ్చి నాటినవి. 'ఏజెన్సీ' మాటా అంతే, 1839 చట్టంతో వచ్చింది. 1820 నాటి మనిషి నోట పెట్టకండి.

అపోహ: పెద్దవాళ్లు కథ చెప్పారంటే ఇక అది మనదే.

ప్రధాన్లు (గోండుల వంశకథలు పాడేవాళ్లు) కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ చెప్పే వంశకథ ఆ వంశం దేవుడికి సంబంధించింది, మన ముడిసరుకు కాదు. రాశాక మళ్లీ వెళ్లి చదివి వినిపిస్తాను, వద్దంటే తీసేస్తాను. రెండుసార్లు తీసేశాను. అందులో ఒకటి నవలకు ప్రాణం లాంటి అధ్యాయం, ఇప్పటికీ కడుపు మండుతుంది.

అపోహ: ఇప్పుడు వీటికి డిమాండ్ ఉంది, దీంతోనే బతికేయొచ్చు.

ఉద్యోగం మానకండి. నా రంప నవల వేసింది 500 కాపీలు, అవి అయిపోవడానికి మూడేళ్లు పట్టింది. పైగా పబ్లిషర్ నన్నడక్కుండా కవర్ మీద గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టారు. అది ఆదిలాబాద్ గోండులు దీపావళికి చేసే దండారీ పండుగ ఆటల్లో పెట్టుకునేది, రంపకు దానికీ ఏం సంబంధం? ప్రింటయిపోయింది, ఏం చేస్తాం. అడ్డతీగల వైపు ఒక పెద్దాయనకు కాపీ ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ బొమ్మలో ఆయనెవరు బాబూ, మీ చుట్టాలా?" అన్నాడు.