ఎల్బో రీఫ్ లైట్‌హౌస్: మెట్లెక్కుతూ విన్న అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

తూర్పు తీరంలో ముప్పై ఏళ్ళు లైట్‌హౌస్‌లలో పనిచేశాను. చేరిన కొత్తలో కిరోసిన్ దీపం వెలిగించిన చేతులివి. రిటైరయ్యేనాటికి అంతా కరెంటు, సోలారే. 2018లో ఫ్లోరిడాలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు, బహామాస్‌లోని హోప్ టౌన్ తీసుకెళ్ళమని పట్టుబట్టాను. ఎల్బో కే అనే దీవి మీద ఉందా ఊరు. అక్కడి లైట్‌హౌస్ కట్టింది 1864లో. చేత్తో కీ ఇచ్చి, కిరోసిన్‌తో నడిపేవాటిలో ప్రపంచంలోనే ఆఖరిదని పేరు. 101 మెట్లు. ఎక్కుతుంటే చుట్టూ వినబడ్డ మాటలు మన విశాఖలో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ చూడవచ్చేవాళ్ళు అనేవే.

అపోహ: అంత దూరం కనబడుతోందంటే లోపల పెద్ద దీపమే ఉండాలి.

వాస్తవం: పెళ్ళి ఊరేగింపుల్లో తలమీద మోసుకెళ్ళే పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? ఇదీ అదే పద్ధతి. ముందు స్పిరిట్‌తో బర్నర్ వేడిచేయాలి. పంపు కొట్టిన ఒత్తిడికి కిరోసిన్ పైకొచ్చి, ఆవిరై, మాంటిల్ అనే చిన్న వల తిత్తిలో తెల్లగా మండుతుంది. తొందరపడి ముందే వాల్వు తిప్పితే ఆవిరి బదులు నూనే వచ్చి మంట ఎగుస్తుంది, మసి కమ్ముతుంది. కొత్తలో ఒక రాత్రి నా చేతుల్లోనే అలా జరిగింది. తెల్లారేదాకా అద్దాలు తుడిచాను.

ఆ చిన్న వెలుగుకి బలమిచ్చేది చుట్టూ ఉన్న ఫ్రెనెల్ లెన్స్. పైకీ కిందికీ వృథాగా పోయే కాంతిని దాని గాజు పట్టకాలు వంచి సముద్రం వైపు పంపిస్తాయి. ఇక్కడున్నది బాగా పెద్ద సైజుల్లో ఒకటి, దాన్ని ఫస్ట్ ఆర్డర్ అంటారు. దాంతో ఒక్క మాంటిల్ వెలుగు 3,25,000 క్యాండిల్‌పవర్, అంటే అన్ని కొవ్వొత్తులంత, అవుతుంది.

అపోహ: దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది.

వాస్తవం: రాత్రంతా ఆరదు. తిరిగేది లెన్స్, దాని కిరణం మన వైపు తిరిగినప్పుడే మెరుపు కనబడుతుంది. అంత బరువైన లెన్స్ పాదరసం తొట్టెలో తేలుతుంది కాబట్టి వేలితో నెట్టినా కదులుతుంది. తిప్పడానికి పాత గోడ గడియారంలో లాగే కిందికి దిగే బరువులుంటాయి. అవి అడుగుకి చేరేలోపు, రెండు గంటలకోసారి, కీపర్ లేచి కీ ఇవ్వాలి. ఆ ఇనుప పిడి చేతులు తగిలి తగిలి నున్నగా అయిపోయింది. కాసేపు పట్టుకుని నిలబడ్డాను, వదలబుద్ధి కాలేదు.

ఐదు మెరుపులు, తర్వాత చీకటి, 15 సెకన్లకోసారి మళ్ళీ అదే వరస. లెక్కపెట్టుకున్న నావికుడికి ఇది ఏ లైటో తెలిసిపోతుంది. పగలు ఆ పని స్తంభం మీది ఎరుపు తెలుపు చారలది. అవి అందం కోసం వేసినవి కావు.

అపోహ: పగటిపూట తెరలు వేసేది ఫొటోలు తీయనివ్వకుండా ఉండటానికి.

వాస్తవం: వెలుగుని బయటికి పంపే లెన్స్ ఎండనీ అలాగే లోపలికి లాగి ఒకచోట పోగుచేస్తుంది. భూతద్దంతో కాగితం కాల్చిన ప్రతి పిల్లాడికీ ఇది తెలుసు. తెర లేకపోతే బర్నర్ పాడవుతుంది, మంటలూ రావచ్చు. దయచేసి తెర తీయమని కీపర్‌ని అడగకండి. అద్దం మీద వేలు పెట్టకండి. పాదరసం జోలికి అసలే వద్దు, దాని ఆవిరి విషం.

అపోహ: లైట్‌హౌస్ వస్తుందంటే ఊరంతా సంబరపడి ఉంటుంది.

వాస్తవం: హోప్ టౌన్ వాళ్ళలో చాలామంది బతుకు సముద్రంలోని పగడపు దిబ్బకి కొట్టుకున్న ఓడల సరుకు కాపాడి, అందులో వాటా తీసుకోవడం మీదే నడిచేది. దీపం వెలిగితే ఆ సంపాదన పోతుంది. అందుకే కట్టేవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వలేదని, సామాను తెచ్చిన పడవని ముంచేశారని ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు, ఆకలి అలాంటిది. 2019 సెప్టెంబర్ 1న డోరియన్ తుఫాను గంటకు 295 కిలోమీటర్ల గాలితో సరిగ్గా ఈ దీవినే తాకింది. ఊరు చిందరవందరైంది, ఒకప్పుడు వద్దనుకున్న ఆ స్తంభం మాత్రం నిలబడింది.

అపోహ: జీపీఎస్ వచ్చాక ఇవన్నీ బొమ్మలే.

వాస్తవం: జీపీఎస్ సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని జామ్ చేయొచ్చు, తప్పుడు చోటు చూపించేలా మోసమూ చేయొచ్చు. అందుకే ఓడ మీద డ్యూటీలో ఉన్న ఆఫీసర్ స్క్రీన్ ఒక్కదాన్నే నమ్ముకోడు. చార్టు, అంటే సముద్ర పటం, చెప్పిన దిక్కున ఐదు మెరుపులు కనబడితే సరే. కనబడలేదంటే ఓడ ఎక్కడుందో మళ్ళీ లెక్క వేసుకుంటాడు.