ఎఫ్10 నొక్కితే మెనూ ఎందుకొస్తుంది? టెర్మినల్ ఫైల్ మేనేజర్లలో కీలు, ఫైలు అసోసియేషన్ల నేపథ్యం

టెర్మినల్‌లో (అక్షరాలతో నడిచే కమాండ్ విండోలో) పనిచేసే రెండు ప్యానెళ్ల ఫైల్ మేనేజర్ మిడ్‌నైట్ కమాండర్‌లో పని పూర్తయ్యాక ఎఫ్10 నొక్కితే ప్రోగ్రామ్ మూతపడాలి. చాలా లినక్స్ డెస్క్‌టాప్‌లలో అలా జరగదు, టెర్మినల్ విండో తాలూకు మెనూ తెరుచుకుంటుంది. అలాగే వర్డ్ ఫైలు మీద ఎంటర్ కొడితే ఒక కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ వస్తుంది, ఇంకోదాంట్లో అదే ఫైలు జిప్ ఆర్కైవ్‌లా విచ్చుకుని లోపలి ఎక్స్‌ఎంఎల్ ముక్కలు కనిపిస్తాయి. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా కాన్ఫిగ్ ఫైలు తెరిచి మార్పులు మొదలుపెడతారు. లోపం మాత్రం చాలాసార్లు అక్కడ ఉండదు. నొక్కిన కీ ఫైల్ మేనేజర్‌ను చేరేలోపు కీబోర్డు, డెస్క్‌టాప్, టెర్మినల్, ఒక్కోసారి టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో పలు సెషన్లు నడిపే ప్రోగ్రామ్) కూడా దాటి రావాలి. ఒక్కో పొర ఒక్కో కాలంలో, వేరే అవసరం కోసం పుట్టింది. కీ ఎక్కడ ఆగిపోయిందో ముందు తేల్చుకుంటే మార్చాల్సింది సాధారణంగా ఒకటి రెండు లైన్లే.

1981లో వచ్చిన ఐబీఎమ్ పీసీ కీబోర్డులో 83 కీలు. ఎడమ పక్కన రెండు నిలువు వరుసల్లో ఎఫ్1 నుంచి ఎఫ్10 దాకా పది ఫంక్షన్ కీలు మాత్రమే ఉండేవి. డాస్ కోసం జాన్ సోచా రాసిన నార్టన్ కమాండర్ 1986లో విడుదలైంది. రెండు ప్యానెళ్లు, కింద ఫంక్షన్ కీల పట్టీ: ఎఫ్5తో కాపీ, ఎఫ్6తో పేరు మార్పు లేదా తరలింపు, ఎఫ్7తో కొత్త డైరెక్టరీ, ఎఫ్8తో తొలగింపు, ఎఫ్10తో బయటికి. చివరి కీ నిష్క్రమణకు ఇవ్వడం అప్పటికి సహజమే. మరుసటి ఏడు, 1987లో, ఐబీఎమ్ తన కామన్ యూజర్ యాక్సెస్ నియమావళిని ప్రకటించింది. అందులో ఎఫ్1 సహాయానికి, ఎఫ్10 మెనూ పట్టీ మీదికి వెళ్లడానికి. విండోస్, యూనిక్స్‌లో విండోలు, మెనూలు తయారుచేసే లైబ్రరీలు మోటిఫ్, ఆ తర్వాత జీటీకే ఆ అలవాటునే తీసుకున్నాయి. మెక్సికోలో విద్యార్థిగా ఉన్న మిగెల్ దె ఇకాసా 1994లో మిడ్‌నైట్ కమాండర్ మొదలుపెట్టినప్పుడు నార్టన్ కీలనే యథాతథంగా ఉంచాడు. 1986 నాటి ఎఫ్10, 1987 నాటి ఎఫ్10 నేటికీ ఒకే విండోలో తలపడుతున్నాయి. కీ ముందుగా అందేది విండోకే కాబట్టి గెలుపు ఎప్పుడూ దానిదే.

దీనికి పరిష్కారం ఫైల్ మేనేజర్‌లో దొరకదు. గ్నోమ్ టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో, జనరల్ పేజీలో, మెనూ యాక్సెలరేటర్ కీ అని ఒక టిక్ ఉంటుంది, అది తీసేయాలి. ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో కూడా మెనూ షార్ట్‌కట్ కీని ఆపే ఎంపిక ఉంది. ఎఫ్11 నొక్కితే విండో ఫుల్ స్క్రీన్ అయిపోతుంటే ఆ టెర్మినల్ షార్ట్‌కట్ల జాబితాలో దాన్ని ఖాళీ చేయాలి. మన చేతిలో లేని కంప్యూటర్ మీద పని చేస్తున్నప్పుడు ఇవేవీ ముట్టుకోనక్కర్లేదు: ఎస్కేప్ నొక్కి వదిలి, సున్నా నొక్కితే మిడ్‌నైట్ కమాండర్ దాన్ని ఎఫ్10గా తీసుకుంటుంది. ఎస్కేప్ 5 అంటే ఎఫ్5. ల్యాప్‌టాప్‌లో పై వరుస వెలుతురు, సౌండ్ కీలుగా మారిపోయిన చోట కూడా ఇది పనిచేస్తుంది.

విండో వదిలిపెట్టిన కీ టెర్మినల్ లోపలికి కీగా వెళ్లదు, కొన్ని అక్షరాల వరుసగా వెళ్తుంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1978లో తెచ్చిన వీటీ100 అనే టెర్మినల్ యంత్రంలో పీఎఫ్1 నుంచి పీఎఫ్4 వరకు నాలుగు కీలుండేవి. ఎక్స్‌టర్మ్ తరహా టెర్మినళ్లలో ఎఫ్1 నుంచి ఎఫ్4 నేటికీ వాటి కోడ్‌లనే పంపుతాయి, ఎస్కేప్ వెంట రెండు అక్షరాలు. ఎఫ్5 ఎస్కేప్ [15~ పంపుతుంది. ఎఫ్6 నుంచి పద్ధతి 1983 నాటి వీటీ220ది: ఎఫ్6కు [17~, ఎఫ్10కు [21~, ఎఫ్11కు [23~. మధ్యలో 16, 22 కనిపించవు, ఎందుకంటే ఆ కీబోర్డు మీద ఫంక్షన్ కీలు గుంపులుగా విడిపోయి ఉండేవి, గుంపుల మధ్య అంకెలు దాటేశారు. ఇక లినక్స్ కన్సోల్ (డెస్క్‌టాప్ లేకుండా తెరంతా ఉండే టెర్మినల్) ఎఫ్1 నుంచి ఎఫ్5 దాకా ఎస్కేప్ [[ అని మొదలయ్యే సొంత వరుసలు పంపుతుంది. అందుకే డెస్క్‌టాప్‌లో నేర్పిన కీ కన్సోల్‌లో పనిచేయకపోవచ్చు.

ఏ కీ ఏం పంపుతోందో చూడటం తేలిక. షెల్‌లో క్యాట్ కమాండ్‌ను హైఫన్ వీ ఎంపికతో నడిపి కీ నొక్కండి. ఎఫ్10కు ^[[21~ అని కనిపిస్తే కీ లోపలిదాకా వచ్చినట్టే, లోపం ఫైల్ మేనేజర్ వైపు ఉంది. ఏమీ కనిపించకపోతే డెస్క్‌టాపో టెర్మినలో మింగేసింది, కాన్ఫిగ్ ఫైలు ఎంత మార్చినా ఉపయోగం ఉండదు. వేరే అంకెలు వస్తే టర్మ్ వేరియబుల్ (టెర్మినల్ ఏ రకమో ప్రోగ్రామ్‌లకు చెప్పే అమరిక) చూడాలి. టీమక్స్ లోపల అది స్క్రీన్ లేదా టీమక్స్ అని మొదలవ్వాలి. షెల్ స్టార్టప్ ఫైలులో ఎవరో దాన్ని ఎక్స్‌టర్మ్ అని బలవంతంగా రాసిపెట్టి ఉంటే కీలు తప్పిపోతాయి. ఆ లైను తీసేయడమే మందు. అప్పటికీ ఒకటి రెండు కీలు మొండికేస్తే మిడ్‌నైట్ కమాండర్ ఆప్షన్స్ మెనూలో లర్న్ కీస్ ఉంది. అందులో పని చేయని కీ పేరు మీద ఎంటర్ కొట్టి, అడిగినప్పుడు ఆ కీ నొక్కి, సేవ్ చేయాలి. అది టర్మ్ పేరుతో ఉన్న విభాగంలో చేరుతుంది కాబట్టి ఒక టెర్మినల్‌కు నేర్పింది ఇంకోదానికి అంటదు.

ఎస్కేప్ ఆలస్యం కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. ప్రతి ఫంక్షన్ కీ వరుస ఎస్కేప్‌తోనే మొదలవుతుంది కాబట్టి ఒంటరి ఎస్కేప్ వచ్చినప్పుడు వెనక ఇంకేమైనా వస్తుందేమోనని ప్రోగ్రామ్ ఆగి చూడాలి. మిడ్‌నైట్ కమాండర్‌లో మామూలుగా రెండుసార్లు నొక్కాలి. కాన్ఫిగరేషన్ డైలాగ్‌లో సింగిల్ ప్రెస్ పెట్టుకుంటే ఆగే సమయం పది లక్షల మైక్రోసెకన్లు, అంటే ఒక సెకను. దాన్ని రెండు మూడు లక్షలకు దించితే హాయిగా ఉంటుంది. మరీ తగ్గిస్తే నెమ్మది నెట్‌వర్క్ మీద ఫంక్షన్ కీలు ముక్కలై ఎస్కేప్‌గా, విడి అక్షరాలుగా పడతాయి. టీమక్స్ కూడా తన వంతు ఆగుతుంది. చాలాకాలం అది 500 మిల్లీసెకన్లు, 3.5 వెర్షన్‌లో 10కి తగ్గించారు.

కంట్రోల్ కలయికలకు ఇంకా పాత పరిమితి ఉంది. 1960ల నాటి ఆస్కీ పట్టిక ప్రకారం కంట్రోల్ ఐ అంటే ట్యాబ్, కంట్రోల్ ఎం అంటే ఎంటర్, కంట్రోల్‌తో ఎడమ చదరపు బ్రాకెట్ అంటే ఎస్కేప్. రెండింటికీ ఒకే బైటు. కంట్రోల్ ఐకి వేరే పని కట్టబెడితే ట్యాబ్ పోతుంది. కంట్రోల్ షిఫ్ట్ ఏ, కంట్రోల్ ఏ కూడా టెర్మినల్‌కు ఒకటే. కంట్రోల్ ఎస్ నొక్కగానే తెర బిగుసుకుపోవడం టెలిటైప్ కాలపు ప్రవాహ నియంత్రణ. కంట్రోల్ క్యూ దాన్ని విడిపిస్తుంది, ఎస్‌టీటీవై కమాండ్‌తో మైనస్ ఐఎక్స్ఆన్ పెడితే ఆ ఏర్పాటు ఆగుతుంది. కోవిద్ గోయల్ రాసిన కిట్టీ టెర్మినల్ తెచ్చిన కీబోర్డు ప్రోటోకాల్ ఈ తేడాలను చూపగలదు, కానీ టెర్మినల్, ఫైల్ మేనేజర్ రెండూ దాన్ని అర్థం చేసుకోవాలి.

ఇన్ని పొరలూ సరిగ్గా ఉన్నాకే కీమ్యాప్ (ఏ కీకి ఏ పనో చెప్పే జాబితా) మాట. మిడ్‌నైట్ కమాండర్‌కు 4.7 శ్రేణిలో కీమ్యాప్ ఫైలు వచ్చింది. సొంత మార్పులు హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్ కింద ఎంసీ ఫోల్డర్‌లో, ఎంసీ డాట్ కీమ్యాప్ అనే ఫైలులో రాయాలి. ముందు ప్రోగ్రామ్‌లో ఉన్న కీలు, ఆపై సిస్టమ్ ఫైళ్లు, చివరగా మన ఫైలు, ఈ క్రమంలో ఒకదాని మీద ఒకటి పడతాయి. కాబట్టి మొత్తం ఫైలు కాపీ చేసుకోనక్కర్లేదు, మారిన లైన్లు చాలు. ఫైల్‌మేనేజర్ అనే విభాగం శీర్షిక (పాత వెర్షన్లలో మెయిన్), దాని కింద క్విట్ = ఎఫ్10, సెమికోలన్, మరో కీ. ఎఫ్10ను కూడా మళ్లీ రాయడం మరవొద్దు, రాయకపోతే కొత్త కీ పాతదాన్ని తొలగిస్తుంది. ఆల్ట్ కలయిక ఎంచుకుంటే అది టెర్మినల్ మెనూ అక్షరంతో ఢీకొనకుండా చూసుకోవాలి.

రోమన్ జింబెల్‌మాన్ 2009లో మొదలుపెట్టిన ఫైల్ మేనేజర్ రేంజర్ ఎఫ్ కీలను పక్కనపెట్టి, మామూలు అక్షరాలతోనే ఆదేశాలిచ్చే వీఐ ఎడిటర్ దారి పట్టింది. అక్కడ వచ్చే చిక్కు వేరు: డీడీ అంటే కట్. ఒంటరి డీకి ఏదైనా పని కట్టబెట్టారంటే డీతో మొదలయ్యేవన్నీ చిక్కులో పడతాయి. రేంజర్ తన డిఫాల్ట్ ఆర్‌సీ ఫైలు (కీలు, అమరికలు రాసుండే ఫైలు) చదివాక మనది చదువుతుంది. మొత్తం కాపీ చేసుకున్నవారు రేంజర్ లోడ్ డిఫాల్ట్ ఆర్‌సీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఫాల్స్ చేయకపోతే, తీసేశామనుకున్న కీ డిఫాల్ట్ ఫైలు నుంచి మళ్లీ వచ్చేస్తుంది. అరుణ్ ప్రకాష్ జానా రాస్తున్న ఎన్ఎన్ఎన్ అనే ఫైల్ మేనేజర్‌లో కీలు సోర్స్ కోడ్‌లోనే ఉంటాయి, మార్చాలంటే హెడర్ ఫైలు దిద్ది కంపైల్ చేయాలి. సొంత పనులకు ప్లగిన్ కీలు వాడుకోవచ్చు.

తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ వాడేవారికి ఈ తేడా గట్టిగా తగులుతుంది. ఫైలుకు తెలుగులో పేరు పెట్టి లేఅవుట్ తిరిగి మార్చడం మరిచిపోతే రేంజర్ తరహాలో కర్సర్‌ను కదిపే హెచ్, జే, కే, ఎల్ కీలు ప, ర, క, త పంపుతాయి. కర్సర్ కదలదు, ప్రోగ్రామ్ వేలాడిందనిపిస్తుంది. ఫంక్షన్ కీలు, బాణం కీలు లేఅవుట్‌తో మారవు, కాబట్టి మిడ్‌నైట్ కమాండర్ అప్పుడు కూడా నడుస్తుంది. రేంజర్ లాంటి మరో ఫైల్ మేనేజర్ ఎల్ఎఫ్‌లో అయితే ర కిందికి, క పైకి అని రెండు మ్యాప్ లైన్లు చేర్చుకుంటే సరిపోతుంది.

ఫైలు అసోసియేషన్ల (ఏ రకం ఫైలును ఏ ప్రోగ్రామ్ తెరవాలో చెప్పే నియమాల) కథ ఇంత పొడవు కాదు గానీ పాయలు ఎక్కువ. డాస్‌లో పేరు చివరి మూడక్షరాలే ఫైలు జాతి. నార్టన్ కమాండర్ ఆ మూడక్షరాలకు ఎదురుగా కమాండ్ రాసుకునే ఒక చిన్న ఫైలు ఉంచింది. యూనిక్స్‌కు పొడిగింపుతో పని లేదు. 1973 నాటి ఫైల్ కమాండ్ లోపలి బైట్లు చూసి జాతి చెబుతుంది. 1992లో ఈమెయిల్ కోసం మైమ్ రకాలు (ఫైలు జాతికి పెట్టే ప్రామాణిక పేర్లు) వచ్చాయి, 1993లో ఆర్‌ఎఫ్‌సీ 1524 అనే ఇంటర్నెట్ పత్రం ఏ రకాన్ని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో రాసే మెయిల్‌క్యాప్ ఫైలును వర్ణించింది. 2006లో ఎక్స్‌డీజీ యుటిల్స్ అనే కమాండ్ల సముదాయం డెస్క్‌టాప్‌లన్నిటికీ ఉమ్మడి తలుపు తెరిచింది. ఒక్కో ఫైల్ మేనేజర్ ఇందులో ఒక్కోదాన్ని పట్టుకుంది. అందుకే ఒక చోట మార్చిన అసోసియేషన్ ఇంకో చోట కనిపించదు.

మిడ్‌నైట్ కమాండర్ పేరునూ చూస్తుంది, ఫైల్ కమాండ్ చెప్పిన మాటనూ చూస్తుంది. పై నుంచి కిందికి చదువుతూ మొదట కుదిరిన నియమం దగ్గర ఆగుతుంది. డాక్‌ఎక్స్, ఈపబ్, ఏపీకే నిజానికి జిప్ ఫైళ్లే. జిప్ నియమం పైన ఉంటే, ఫైల్ కమాండ్ పాతదై వాటిని జిప్ అనే చెబితే, అవి ఆర్కైవ్‌లుగా తెరుచుకుంటాయి. పొడిగింపుతో రాసిన నియమాన్ని జిప్ నియమానికి పైన పెట్టడమే పరిష్కారం. 2023లో వచ్చిన 4.8.29 వెర్షన్ ఈ నియమాలుండే ఎంసీ డాట్ ఎక్స్‌ట్ ఫైలును ఐఎన్ఐ రూపంలోకి (శీర్షికలున్న విభాగాలుగా) మార్చింది. పేరు చివర ఐఎన్ఐ చేరింది, మొదట్లో వెర్షన్ 4.0 అని చెప్పే విభాగం తప్పనిసరి అయింది. పాత సొంత ఫైలు ఎక్కడిదక్కడే ఉన్నా ఎవరూ చదవరు. డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత అసోసియేషన్లన్నీ ఒక్కసారిగా పోయాయంటే ముందు చూడాల్సింది ఇదే. కమాండ్ మెనూలో ఎడిట్ ఎక్స్‌టెన్షన్ ఫైల్ ఎంచుకుని కొత్త నమూనాలో నియమాలు తిరిగి రాసుకోవాలి. కీమ్యాప్‌లా ఇది కలిసిపోదు: సొంత ఫైలు ఉంటే సిస్టమ్ ఫైలును పూర్తిగా పక్కకు నెడుతుంది, కాబట్టి ఇక్కడ పూర్తి కాపీయే కావాలి.

ఓపెన్ లైనులో గ్రాఫికల్ ప్రోగ్రామ్ రాసేటప్పుడు చివర యాంపర్‌శాండ్ లేకపోతే వ్యూయర్ మూసేదాకా ఫైల్ మేనేజర్ కదలదు. ఎర్రర్ సందేశాలను డెవ్ నల్‌కు పంపకపోతే అవి ప్యానెళ్ల మీద పడి తెర చెదురుతుంది, కంట్రోల్ ఎల్ దాన్ని శుభ్రం చేస్తుంది. టెర్మినల్ మూసినా వ్యూయర్ బతికుండాలంటే సెట్‌సిడ్ కమాండ్‌ను ముందు చేర్చాలి. ఎఫ్3 వీక్షణకు పీడీఎఫ్‌ను పీడీఎఫ్‌టుటెక్స్ట్ ద్వారా చూపిస్తారు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో తయారైన తెలుగు పీడీఎఫ్‌లకు అందులో అర్థం లేని లాటిన్ అక్షరాలే వస్తాయి, అలాంటివాటికి ఎంటర్ కొట్టి బొమ్మగా చూడటమే దారి.

రేంజర్ 1.6 నుంచి రైఫిల్ అనే తన సొంత ఓపెనర్ వాడుతోంది. నియమాల్లో ప్రోగ్రామ్ ఉందా, గ్రాఫికల్ తెర ఉందా అని షరతులు పెట్టవచ్చు, కాబట్టి ఒకే ఫైలు సర్వర్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ పనికొస్తుంది. రైఫిల్ కమాండ్‌ను హైఫన్ ఎల్ ఎంపికతో, ఫైలు పేరుతో నడిపితే కుదిరిన ప్రోగ్రామ్‌లన్నీ వరుసగా చూపిస్తుంది. నియమం ఎందుకు పట్టలేదో అప్పుడే తేలుతుంది. మైమ్ రకం కోసం అది మొదట పొడిగింపునే నమ్ముతుంది, తప్పు పొడిగింపు తగిలించిన ఫైలు తప్పు ప్రోగ్రామ్‌కే వెళ్తుంది. ఎల్ఎఫ్, ఎన్ఎన్ఎన్ లినక్స్‌లో మామూలుగా ఎక్స్‌డీజీ ఓపెన్‌కు అప్పగిస్తాయి. అక్కడ తప్పు ప్రోగ్రామ్ వస్తే ఎక్స్‌డీజీ మైమ్ కమాండ్‌తో ముందు ఫైలు రకం, తర్వాత ఆ రకానికి డిఫాల్ట్ ఏదో అడిగి, డిఫాల్ట్ సబ్‌కమాండ్‌తో డెస్క్‌టాప్ ఫైలు పేరిచ్చి మార్చాలి. ఫలితం డాట్ కాన్ఫిగ్‌లోని మైమ్‌యాప్స్ డాట్ లిస్ట్‌లో ఒక లైనుగా పడుతుంది. డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ లేని చోట, ఆ రకానికి ఏదీ పెట్టకపోతే, ఎక్స్‌డీజీ ఓపెన్ మెయిల్‌క్యాప్ వెతికి చివరికి బ్రౌజర్‌కు ఇస్తుంది. విండో మేనేజర్ ఒక్కటే వాడేవారికి పీడీఎఫ్‌లు ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకునేది ఇందుకే.