గ్రిప్పుల నడుమ చెయ్యి

ఇంటి పిల్లరుకు వేసే 16 మిల్లీమీటర్ల రాడ్డు యూటీఎం మీద, అంటే రాడ్డును తెగేదాకా లాగి బలం చూసే మెషీన్ మీద, 12 టన్నుల దగ్గర 'ఢాం' అని తెగుతుంది. కాకినాడలోనైనా, భీమవరంలోనైనా కాలేజీ ల్యాబులో ఆ చప్పుడుకి ముందే పిల్లలంతా నాలుగడుగులు వెనక్కి వేస్తారు. వేళ్లకు ముప్పు మాత్రం రాడ్డు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ. రాడ్డు కొసల్ని పట్టే గ్రిప్పుల దవడల దగ్గరికి చెయ్యి వెళ్లేది అప్పుడే మరి.

తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకు చూడండి. ఒంటి బరువు పడేకొద్దీ బిగుస్తుంది, బరువు తీస్తే వదులవుతుంది. చీలల్లాంటి దవడలుండే పాత వెడ్జ్ గ్రిప్పుదీ అదే తీరు, లాగేకొద్దీ బిగుస్తుంది. పక్కనుంచి నొక్కే హైడ్రాలిక్ గ్రిప్పుకి లాగుడుతో పనిలేదు, ఆయిల్ ప్రెషర్ ఎంతో పట్టు అంత. 50 చదరపు సెంటీమీటర్ల పిస్టన్ మీద 210 బార్ల ప్రెషర్ పడితే పది టన్నుల పైమాటే. మధ్యలో ఉన్నది ఉక్కో వేలో దానికి అనవసరం. అందుకే ముందు తక్కువ ప్రెషర్‌తో మెల్లగా దవడలు ఆనించి, చెయ్యి తీశాకే పూర్తి ప్రెషర్ ఇవ్వాలి.

అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి రాడ్లు తొందరగా తుప్పు పడతాయి. ఆ పొడి దవడ పళ్ల సందుల్లో కూరుకుంటే రాడ్డు జారుతుంది. జారిందని ప్రెషర్ పెంచుకుంటూ పోతే దవడ అంచు దగ్గరే తెగి పరీక్ష పాడవుతుంది. పంపు ఆపి వైరు బ్రష్‌తో పళ్లు రుద్దితే సరిపోయే పని అది. గ్రీజు వెడ్జ్ వీపు మీదే రాయాలి, పళ్లకు అంటనివ్వకూడదు. రాడ్డు సైజుకి తగిన వి-గాడి దవడలు వేసి, వాటి పొడవులో కనీసం ముప్పాతిక వంతు రాడ్డు లోపలికి వెళ్లేలా చూడాలి. కొస మాత్రమే పట్టుకుంటే పళ్లు చిట్లుతాయి.

ముందు పై గ్రిప్పు. రాడ్డును నడిమికి పట్టుకోవాలి, దవడ దగ్గర కాదు. పట్టుకున్న మనిషే బటన్ కూడా నొక్కాలి. ఒకరు పట్టుకుని మరొకరు నొక్కే చోట, ఇతను 'ఊఁ' అంటే 'ఉండు' అనా, 'కానియ్యి' అనా? రాడ్డు వేలాడుతుండగా లోడ్‌ని సున్నా చేసి, అప్పుడు కింది గ్రిప్పు బిగించాలి. బిగుస్తూ దవడలు రాడ్డును నిలువునా కాస్త నెడతాయి, తెర మీద మైనస్ లోడ్ (నొక్కుడు లోడ్) కనబడుతుంది. లోడ్‌ని తానే చూసి దిద్దుకునే సర్వో మెషీన్‌లో లోడ్ కంట్రోల్ పెడితే అదే సర్దుకుంటుంది, లేకపోతే క్రాస్‌హెడ్ (గ్రిప్పును మోసే అడ్డదూలం) రవ్వంత జరపాలి. అంతేగాని మళ్లీ సున్నా నొక్కితే ఆ లోడ్ పోదు, కనబడకుండా దాక్కుంటుంది.

మధ్యలో ఆపిన పరీక్ష మరీ మోసం. దాదాపు 12 టన్నుల లోడ్‌లో ఉన్న 40 సెంటీమీటర్ల రాడ్డులో తిరిగి ముడుచుకోగల సాగుడు మిల్లీమీటరు చిల్లరే అయినా, అందులో దాగిన శక్తి సుమారు 70 జౌళ్లు. ఒకటిన్నర కిలోల కొబ్బరికాయ పదహారడుగుల ఎత్తు నుంచి నెత్తిన పడినంత. మెషీన్ స్తంభాల్లో దాగింది అదనం. లోడ్ సున్నాకి దించకుండా గ్రిప్పు విప్పకూడదు.

తెగాక కింది ముక్క ముందు తీసి, పై ముక్కను పట్టకారుతో పట్టుకున్నాకే పై గ్రిప్పు తెరవాలి, లేదంటే అది జారి కాలిమీద పడుతుంది. తెగిన చోట వేడి ఉంటుంది, అంచు బ్లేడులా ఉంటుంది.

తుఫాను రోజుల్లో కరెంటు పోతే గ్రిప్పు ప్రెషర్ మెల్లగా దిగిపోవచ్చు, కరెంటు రాగానే పంపు దానంతటదే తిరగనూవచ్చు. మెయిన్ ఆపి, ప్రెషర్ వదిలాకే చెయ్యి పెట్టాలి. గొట్టం కారుతోందేమోనని వేలితో తడమొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సూదిబెజ్జం నుంచి వచ్చే ఆయిల్ ధార చర్మంలోకి దిగిపోతుంది. పైకి చుక్కంత గాటే ఉన్నా, నొప్పి లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి వెళ్లి 'ప్రెషర్‌తో ఆయిల్ ఎక్కింది' అని డాక్టరుకు ఆ మాటే చెప్పాలి.