కోసేసిన బోల్టు: పిల్లలకు తాత ఉత్తరం

చిన్నూకి, అమ్ములుకి,

నిన్న వాట్సాప్‌లో మీరు పంపిన ఫోటో చూశాను. నా పాత బిస్కెట్ల డబ్బాలో దొరికిన రెండు బోల్టులు పక్కపక్కన పెట్టి ఫోటో తీశారు, ఒకదాని మరల మీద, అంటే నట్టు ఎక్కే చుట్ల మీద, రంపంతో కోసిన గాటు ఉంది, రెండోదానికి లేదు, బానే ఉన్న బోల్టుని ఎందుకు కోశావు తాతా అని చిన్నూ అడిగాడు, మరి రెండోది ఎందుకు కొయ్యలేదు అని అమ్ములు అడిగింది. ఫోన్లో రెండు ముక్కలు చెప్పేస్తే అయిపోయేది కానీ ఇది నేను 30 ఏళ్ళకి పైగా చేసిన విమానాల రిపేరు పని గురించిన ప్రశ్న, అందుకే కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక పని చెయ్యండి. ఆ బోల్టులు పట్టుకున్న చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కోండి. వాటి మీద కనిపించే ఆ పసుపు మెరుపు బంగారం కాదు, కాడ్మియం పూత, తుప్పు పట్టకుండా వేస్తారు, కానీ అది విషం. దాన్ని గీకడం, సాండ్‌పేపర్‌తో రుద్దడం అస్సలు చెయ్యొద్దు, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకూడదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ రెండూ చిన్న ట్రైనింగ్ విమానాల ల్యాండింగ్ గేర్ బోల్టులు, అంటే చక్రాల కాళ్ళని విమానం ఒంటికి పట్టి ఉంచేవి. మా సీనియర్లు అండర్‌క్యారేజ్ అనేవాళ్ళు, మీరు ల్యాండింగ్ గేర్ అనండి, రెండూ ఒకటే. బేగంపేట మీదుగా వెళ్తున్నప్పుడు పైన గుయ్‌మని తిరిగే చిన్న విమానాలు చూస్తుంటారు కదా, 2008 మార్చిలో ప్యాసింజర్ విమానాలన్నీ శంషాబాద్ వెళ్ళిపోయాక కూడా అక్కడ ట్రైనింగ్ విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. సెస్నా 152 అని ఒకటి ఉంటుంది, ఇద్దరు కూర్చునేది, మనుషులు పెట్రోలు అన్నీ కలిపి మొత్తం బరువు 757 కిలోలకి మించకూడదు, అంటే మీ నాన్న కారు కన్నా తేలిక. దాని వెనక రెండు కాళ్ళకీ కారులో ఉన్నట్టు షాక్ అబ్జార్బర్లు ఉండవు, అవి స్టీలు గొట్టాలు, స్ప్రింగ్ లాగా వంగి మళ్ళీ నిలబడతాయి అంతే. ఈ స్ప్రింగ్ కాలు ఐడియా అమెరికాలో రేసు విమానాలు తయారు చేసుకుని తనే నడిపిన స్టీవ్ విట్‌మన్ అనే ఆయనది, సెస్నా వాళ్ళు ఆయన దగ్గర హక్కులు తీసుకుని 1946లో సెస్నా 140కి పెట్టారు, అప్పట్లో గొట్టం కాదు, లారీ కమాన్ పట్టీ లాంటి బద్ద. ఇంత సింపుల్‌గా ఇంత బలంగా ఉండే డిజైన్ ఇంకోటి నేను చూడలేదు.

ఆ బద్ద కాలు విమానం పొట్ట లోపలికి వెళ్ళి అక్కడ రెండు చోట్ల పట్టుకుని ఉంటుంది. బయటి అంచు దగ్గర ఒక బిగింపు, లోపలి కొస దగ్గర బోల్టు. గునపంతో బండరాయి లేపడం చూశారు కదా, కింద చిన్న రాయి ఆనిచ్చి పొడుగు వైపు నొక్కితే పొట్టి వైపు ఎంత బరువైనా లేస్తుంది, ఇక్కడ కూడా అదే. చక్రం నేలని తాకినప్పుడు కాలు బయటి కొస పైకి లేస్తుంది, బిగింపు దగ్గర ఆనుకుని లోపలి కొస కిందకి తోస్తుంది, ఆ తోపుని ఆపేది ఆ బోల్టే. బయటి పొడుగు లోపలి పొడుగు కన్నా ఎన్ని రెట్లుంటే చక్రం మీద పడిన బలానికి అన్ని రెట్లు బోల్టు మీద పడుతుంది. వేలంత ఉన్న బోల్టు మీద.

ఎంత బలంగా దిగుతుంది అంటారా, దానికి ఒక లెక్క ఉంది. చిన్న విమానాల డిజైన్‌కి అమెరికా వాళ్ళు పెట్టిన పార్ట్ 23 అనే రూల్సులో చాలా కాలం ఉన్న లెక్క ఇది, చిన్న విమానం గేర్‌ని సెకనుకి 7 నుంచి 10 అడుగుల వేగంతో కిందకి దిగినా తట్టుకునేలా డిజైన్ చెయ్యాలి అని. ఈ వేగాన్ని ఎత్తులోకి మార్చి చూశాను నేను ఒకసారి, 7 అడుగులు అంటే ఏదైనా వస్తువు జానెడు ఎత్తు నుంచి పడితే వచ్చే వేగం, 10 అడుగులు అంటే మూరెడు ఎత్తు నుంచి పడితే వచ్చేది. జానెడు నుంచి మూరెడు, మా అమ్మ పూలదండ కొలిచిన లెక్క. మంచి పైలట్ రోజూ అంత గట్టిగా దింపడు, కానీ నేర్చుకునే కుర్రాడు ఒక్కోసారి దింపుతాడు, వాడు నేర్చుకోవాలి కాబట్టే ఆ విమానం ఉంది.

ఇంకోటి, నేర్చుకునే వాళ్ళు సర్క్యూట్లు కొడతారు, అంటే లేచి ఒక చుట్టు తిరిగి దిగి ఆగకుండా మళ్ళీ లేవడం, అలా గంటకి ఆరేడు ల్యాండింగులు అయిపోతాయి. సొంత విమానం ఉన్నాయన హైదరాబాద్ నుంచి ఎక్కడికో రెండు గంటలు ఎగిరి ఒక్కసారి దిగుతాడు. ఇద్దరి లాగ్‌బుక్‌లోనూ, అంటే విమానం లెక్కలు రాసే పుస్తకంలో, గంటలే చూస్తే బోల్టు పడిన కష్టం తెలియదు, అందుకే కొన్ని విమానాల మాన్యువల్స్‌లో ఇన్ని గంటలకి అని కాకుండా ఇన్ని ల్యాండింగులకి బోల్టులు మార్చాలని ఉంటుంది, కొన్నింటిలో ఇన్నేళ్ళకి అని ఉంటుంది, కొన్నింటిలో తీసి పరీక్ష చేసి బాగుంటే మళ్ళీ పెట్టుకోవచ్చని ఉంటుంది, ఏ విమానానికి ఏది రాసుంటే అదే. పక్క విమానం లెక్క దీనికి పనికిరాదు.

సరే, బోల్టు విరగకుండానే ఎందుకు మార్చాలి? ఇక్కడే చిన్నూ ప్రశ్న ఉంది. మన ఇంటి ముందు బిల్డింగ్ కడుతున్నప్పుడు మేస్త్రీ బైండింగ్ వైర్ కట్ చెయ్యడానికి కటింగ్ ప్లేయర్ లేకపోతే ఏం చేసేవాడో గుర్తుందా, అటు ఇటు పది సార్లు వంచితే పుటుక్కున తెగేది. ఒక్కసారి లాగితే తెగని తీగ అది. లోహం అలసిపోతుంది, ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు. వైర్‌ని మనం కళ్ళకి కనిపించేంత వంచుతాం కాబట్టి పది సార్లకే పోతుంది, బోల్టు మీద పడేది అందులో చాలా తక్కువ, కానీ వేల సార్లు పడుతుంది. ఎక్కడో ఒక సన్నని చోట, ఎక్కువగా మరలు మొదలయ్యే మొదటి గాడిలోనో, తల కింద మెడ దగ్గరో, తుప్పు తిన్న చిన్న గుంటలోనో, వెంట్రుకలో వందో వంతు పగులు పుడుతుంది. ప్రతి ల్యాండింగ్‌కి ఇంత ఇంత లోపలికి పాకుతుంది. పైకి ఏమీ తెలియదు, పైన పటారం లోన లొటారం అన్నట్టు. మిగిలిన లోహం బరువు మొయ్యలేని రోజున ఒక్కసారిగా పోతుంది, ఆ రోజు ల్యాండింగ్ మెత్తగా అయినా సరే.

ఈ సంగతి మనుషులకి తెలిసింది విమానాల వల్ల కాదు, రైళ్ళ వల్ల. 1842లో ఫ్రాన్స్‌లో వెర్సాయ్ దగ్గర ఒక రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగింది, ఆ తర్వాత జర్మనీలో వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల్ని ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి వంచి పరీక్ష చేసి, ఎంత బలానికి ఎన్ని సార్లు తట్టుకుంటాయో లెక్కలు కట్టాడు. మన బోల్టు మార్చే లెక్కలకి కూడా మూలం ఆయనే.

పగులుందో లేదో చూసే పద్ధతులు ఉన్నాయి. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఉంది, స్టీలు బోల్టుని అయస్కాంతం చేసి దాని మీద సన్నటి ఇనప రేణువులు పోస్తే పగులు దగ్గర గీతలా పోగవుతాయి, అది చాలా నమ్మదగిన పరీక్ష. కానీ ఎంత మంచి పరీక్ష అయినా ఇవాళ పగులు కనిపించలేదు అని మాత్రమే చెప్తుంది, ఈ బోల్టు ఇప్పటిదాకా ఎన్ని దెబ్బలు తిన్నదో అది చెప్పదు. బోల్టుకి నోరు లేదు. దాని వయసు మన లాగ్‌బుక్‌లో ఉంటుంది అంతే. కొత్త బోల్టు ఖర్చు ఎంత, విమానాన్ని జాకుల మీద ఎత్తి కాలు విప్పే కష్టం ఎంత, ఎలాగూ అంత కష్టపడి విప్పాక పాతదాన్నే మళ్ళీ పెట్టడం నాకు ఎప్పుడూ మనసొప్పేది కాదు.

కొత్తది పెట్టేటప్పుడు కూడా చూసుకోవాల్సింది చాలా ఉంది. ఇల్లు అలకగానే పండగ కాదు. బోల్టు ఒక్కటే కాదు, నట్టు, వాషర్లు కొత్తవి కావాలి, నట్టు లోపల నైలాన్ రింగు ఉండే రకమైతే అది పాతబడ్డాక పట్టు వదులుతుంది, నట్టు తిరగకుండా అడ్డంగా దూర్చే స్ప్లిట్ పిన్ను అయితే ఒకసారి విప్పిందంటే చెత్తబుట్టలోకే. తర్వాత బిగింపు. మీకు వింతగా అనిపిస్తుంది కానీ, గట్టిగా బిగించిన బోల్టే తక్కువ అలసిపోతుంది. లారీ మీద లోడుకి తాడు బిగించి కడితే ఎన్ని గుంతల్లో పడ్డా తాడు కదలదు, వదులుగా ఉన్న తాడు ప్రతి గుంతకీ జర్క్ తిని రాసుకుని రాసుకుని తెగుతుంది. బోల్టు కూడా అంతే, బిగించినప్పుడు అది కొంచెం సాగి రెండు ముక్కల్నీ నొక్కి పట్టుకుంటుంది, బయటి దెబ్బలో దాని వాటాకి కొంచెమే వస్తుంది. వదులైతే మొత్తం దెబ్బ దానిదే. అలాగని బలం ఉంది కదా అని తిప్పేస్తే లోపలే సాగిపోయి పాడవుతుంది, అందుకే టార్క్ రెంచ్, అంటే ఎంత బలంతో తిప్పుతున్నామో (దాన్నే టార్క్ అంటాం) చూపించే పానా. 5/16 అంగుళం బోల్టుకి మామూలుగా 100 నుంచి 140 ఇంచ్-పౌండ్లు, మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే. మరలకి నూనె రాయాలా వద్దా అన్నది కూడా మాన్యువలే చెప్పాలి, పొడిగా అని రాసినదానికి నూనె రాస్తే అదే టార్క్‌కి బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది, ఈ తప్పు నేను చాలా మంది కుర్రాళ్ళ దగ్గర చూశాను. అన్నీ అయ్యాక నట్టు మీద నుంచి పక్కకి ఒక రంగు గీత గీస్తాం, ఎప్పుడైనా నట్టు కదిలితే గీత విరిగినట్టు కనిపిస్తుంది. కొన్ని గంటలు ఎగిరాక మళ్ళీ ఒకసారి టార్క్ చూస్తాం, కొత్త జాయింటు కాస్త సర్దుకుంటుంది కాబట్టి.

రాణిగంజ్‌లో దొరకని బోల్టు లేదు కదా అక్కడ కొనొచ్చు కదా అని మీ నాన్న చిన్నప్పుడు అడిగేవాడు. నిజమే, రాణిగంజ్ షాపుల్లో మంచి గట్టి బోల్టులు దొరుకుతాయి, నేనూ ఇంటికి అక్కడే కొంటా. కానీ విమానం బోల్టుకి కాగితం కావాలి, ఏ కంపెనీ ఏ లాట్‌లో చేసింది, ఏ స్టాండర్డ్ ప్రకారం చేసింది అని. మీ దగ్గరున్న వాటి తల మీద గుణకారం గుర్తు లాంటిది ఉంటుంది చూడండి, అది ఏఎన్ రకం, అంటే ఆర్మీ-నేవీ అనే అమెరికా స్టాండర్డ్ ప్రకారం చేసిన స్టీలు బోల్టు అని గుర్తు. గుర్తు ఉన్నా కాగితం లేకపోతే పెట్టం.

చూపుకి ఒకేలా ఉంది అని పెడితే ఏమవుతుందో 1990 జూన్ 10న ఇంగ్లండ్‌లో జరిగింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 అనే ఫ్లైట్, బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకి. అంతకు 27 గంటల ముందు దాని ముందు అద్దం మార్చారు, 90 బోల్టులు, పాత బోల్టు చేత్తో పట్టుకుని దాంతో పోల్చి స్టోర్లోంచి కొత్తవి తీశారు. అందులో 84 బోల్టులు అంగుళంలో 0.026 వంతు సన్నం, మిగతా 6 పొడుగు తక్కువ. అంటే లావులో ఒక మిల్లీమీటర్ కూడా తేడా లేదు, కన్నుకి దొరకదు. పైకి వెళ్ళాక అద్దం ఊడి కెప్టెన్ సగం బయటికి వెళ్ళిపోయాడు, లోపల ఉన్నవాళ్ళు కాళ్ళు పట్టుకుని ఆపారు, కో-పైలట్ సౌతాంప్టన్‌లో దింపాడు, కెప్టెన్ బతికాడు. పాతది తీసి కొత్తది పెట్టడం చిన్న పని కాదని నేను మీకు చెప్పేది అందుకే.

ఇక ఆ గాటు. తీసేసిన బోల్టు పాతది అని మొహం మీద రాసి ఉండదు, పెట్రోలుతో కడిగితే కొత్తదానిలా మెరుస్తుంది. అందుకే తీసిన వెంటనే మరల మీద హ్యాక్సా బ్లేడుతో కోసేస్తాం, ఇంక ఏ నట్టూ దాని మీద ఎక్కదు, ఎవరి చేతిలో పడినా ఏ విమానంలోకీ తిరిగి వెళ్ళదు.

అమ్ములూ, నువ్వు అడిగిన రెండో బోల్టు. నేను పనిలో చేరిన కొత్తలో, ఆ హ్యాంగర్ (విమానాలు పెట్టే షెడ్డు) పేరు వద్దులే, ఒక విమానం గేర్ బోల్టులు మారుస్తున్నాం. సాయంత్రం షిఫ్టులో పాతవి తీసింది నేనే. శుభ్రంగా ఉంటే సీనియర్ మెచ్చుకుంటాడని పాతవాటిని పెట్రోలులో కడిగి తుడిచి ట్రేలో కొత్త ప్యాకెట్ పక్కనే పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను. రాత్రి షిఫ్టు వాళ్ళు బిగించేశారు. పొద్దున వచ్చేసరికి విమానం జాకుల మీద నుంచి దిగి ఉంది, కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి, కానీ కొత్త ప్యాకెట్‌లో ఒక బోల్టు మిగిలి ఉంది. ప్యాకెట్‌లో సరిగ్గా ఎన్ని కావాలో అన్నే వచ్చాయి, మిగలకూడదు. సీనియర్ ఇంజనీరు ఒక్క మాట అనలేదు, మళ్ళీ జాకులు పెట్టమన్నాడు. అన్నీ విప్పాం. భూతద్దం కింద ఒకదాని ఒంటి మీద పూత రాసుకుపోయి ఉంది, అదే పాతది. దాన్ని అయస్కాంతం పరీక్షకి కూడా పంపాడు, ఏ పగులూ లేదు. అది అలాగే ఉండిపోయినా బహుశా ఏమీ అయ్యేది కాదు. కానీ లాగ్‌బుక్‌లో అది సున్నా గంటల బోల్టు అని రాసుండేది, నిజంగా దాని వయసు ఎవరికీ తెలిసేది కాదు, వచ్చే మార్పు దాకా ఆ అబద్ధం మీద పిల్లలు ఎగిరేవాళ్ళు. ఆయన ఆ బోల్టు నా చేతిలో పెట్టి నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. నేను కొయ్యలేదు. ఇన్నేళ్ళూ అలాగే ఉంచుకున్నాను.

కానీ నిన్న ఆ ఫోటో చూశాక రాత్రంతా అదే ఆలోచన. ఇప్పుడు అది నా డబ్బాలోంచి మీ చేతికి వచ్చింది, రేపు ఇంకెవరి చేతికో వెళ్తుంది, చూస్తే కొత్తదానిలాగే ఉంది. దాన్ని ఒక కవర్లో పెట్టి పైన పాతది అని రాసి నాన్నకి ఇవ్వండి. ఆదివారం పొద్దున హ్యాక్సా తీసుకుని వస్తా, వైస్‌లో బిగించి ఇద్దరి చేతా చెరో సగం కోయిస్తా. మాస్కులు పెట్టుకోవాలి, కింద పేపర్ పరవాలి, ఆ పొడి ఇంట్లోకి రాకూడదు.

మీ తాత
హైదరాబాద్